చెవులు మూసుకునే పిల్లలు: ఊరటనిచ్చే పద్ధతుల్లో ఏది ఎంతవరకు పనిచేస్తుంది?

దుర్గాపూజ ఇంకో వారం ఉందనగా ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో సాయంత్రం పూట నడవాలంటే పెద్దవాళ్లకే ఓపిక కావాలి. పందిరి దగ్గర ఢాక్ మోత, మైకులో పాట, టోటోలని పిలిచే బ్యాటరీ రిక్షాల హారన్లు, నూనెలో వేగుతున్న పిండివంటల వాసన, కొట్ల ముందు మెరిసే లైట్ల తోరణాలు, భుజాలు రాసుకుంటూ పోయే జనం. ఒక ఆరేళ్ల పిల్లవాడు తల్లి చెయ్యి పట్టుకుని అక్కడి బట్టల కొట్టుకు వచ్చాడనుకుందాం. పది నిమిషాలు బాగానే ఉన్నాడు. ఢాక్ మోగగానే రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. కొత్త చొక్కా తొడగబోతే మెడ వెనక లేబుల్ తగిలి విదిలించుకున్నాడు. ఆ తర్వాత నేల మీద కూలబడి ఒకటే ఏడుపు. చూస్తున్నవాళ్లలో ఒకరు గారాబం ఎక్కువైందన్నారు. ఇంకొకరు రెండు తగిలిస్తే సరిపోతుందన్నారు. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది.

ఈ పిల్లవాడు కల్పితమే. కానీ ఇది చదువుతున్నవారిలో కొందరికి వాడు తమ ఇంట్లోనే ఉన్నట్టు అనిపించవచ్చు. వాడు మొండి కాదు, గారాబమూ కాదు. మనకు 'సందడి'గా వినబడేది వాడి మెదడుకు 'ప్రమాదం'గా అందుతోంది. ఇలాంటి పిల్లలను శాంతపరచడానికి బరువు దుప్పట్లు, ఊయలలు, మర్దనలు, రంగురంగుల లైట్ల గదులు అంటూ ఎన్నో పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. కొన్నిటికి వేలల్లో ఖర్చు, కొన్నిటికి పైసా కూడా అక్కర్లేదు. వీటిలో దేనికి ఎంత ఆధారం ఉందో తెలుసుకోవడం ఆ తల్లిదండ్రులకు డబ్బు సంగతి మాత్రమే కాదు, పిల్లవాడి కాలం సంగతి కూడా.

గోల్‌బజార్ పేరే ఎందుకు ఎత్తామంటే, ఖరగ్‌పూర్ రైలు మీద పుట్టిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు పనికోసం వచ్చి స్థిరపడ్డాయి. స్టేషను ప్లాట్‌ఫాం పొడవు వెయ్యి మీటర్లకు పైనే. 2013 వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా దానికి పేరు. అంటే ఇక్కడి పిల్లలకు చప్పుడు పండగల్లో మాత్రమే ఎదురయ్యేది కాదు. రాత్రి పడుకున్నా గూడ్సు బండి కూత వినబడుతుంది. పైగా ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, రైల్వే ఆఫీసులో హిందీ. పిల్లవాడికి ఏమవుతోందో వైద్యుడికి చెప్పాలన్నా తల్లికి మాట వెతుక్కోవాల్సిన పరిస్థితి.

ఐదు కాదు, ఎనిమిది

బడిలో మనకు పంచేంద్రియాలని నేర్పారు. వైద్యులు వీటికి మరో మూడు కలుపుతారు. లోపలి చెవిలో ఉండి తల కదలికను, ఒరుగుడును చెప్పే సమతౌల్య జ్ఞానం ఒకటి. కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో తెలిపే కండరాలు, కీళ్ల జ్ఞానం రెండోది. ఆకలి, దాహం, గుండెదడ, మూత్రం వచ్చే సూచన వంటివి తెలిపే శరీరాంతర్గత జ్ఞానం మూడోది. ఈ ఎనిమిది దారుల్లో క్షణక్షణం వచ్చే సమాచారంలో మెదడు ఎక్కువ భాగాన్ని పక్కన పెట్టేస్తుంది. పొద్దున వేసుకున్న చొక్కా ఒంటి మీద ఉందన్న సంగతి ఈ వాక్యం చదివే దాకా మీకు గుర్తు లేదు. ఆ మరపు ఒక వరం.

కొందరు పిల్లలకు ఈ వడపోత సరిగ్గా జరగదు. చిన్న స్పర్శ, మామూలు చప్పుడు కూడా పెద్దగా అందితే వారిని అతిస్పందన గలవారంటారు. పిలిచినా పలకకపోవడం, దెబ్బ తగిలినా గమనించకపోవడం అల్పస్పందన. ఎప్పుడూ గిర్రున తిరగాలి, దూకాలి, గోడకు గుద్దుకోవాలి అనిపించడం అనుభూతి కోసం వెతుక్కోవడం. ఒకే పిల్లవాడు చప్పుడు విషయంలో అతిగా, నొప్పి విషయంలో అల్పంగా స్పందించవచ్చు. తల్లిదండ్రులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. 'డీజే మోతకు గంతులేస్తాడు, మిక్సీ వేస్తే పారిపోతాడు, నాటకం కాకపోతే ఏమిటి?' అని అడుగుతారు. నాటకం కాదు. తాను కోరుకున్న చప్పుడు, చెప్పకుండా మీద పడిన చప్పుడు మెదడుకు ఒకటి కావు. మన కితకితలు మనమే పెట్టుకుంటే నవ్వు రాదు కదా!

ఈ ఆలోచనకు ఆద్యురాలు ఎ. జీన్ ఏయర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. నేర్చుకోవడంలో వెనకబడిన పిల్లలను గమనించి 1972లో ఆమె వెలువరించిన పుస్తకంతో 'సెన్సరీ ఇంటిగ్రేషన్' అనే మాట స్థిరపడింది. అయితే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇది దానంతట అదే ఒక జబ్బా కాదా అన్న వాదం ఇంకా తేలలేదు. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం ఇంద్రియ స్పందనల్లో తేడాను ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చింది కానీ, విడి జబ్బుగా గుర్తించలేదు. అంతకు ఏడాది ముందు అమెరికా శిశువైద్యుల సంఘం కూడా దీన్ని విడి రోగం పేరుగా సాధారణంగా వాడవద్దని తన సభ్యులకు సూచించింది. పేరు మీద వాదమున్నంత మాత్రాన బాధ లేదని కాదు. 2009లో అమెరికాలో బడి వయసు పిల్లల మీద జరిగిన ఒక అధ్యయనంలో దాదాపు 16 శాతం మందికి స్పర్శ లేదా శబ్దం విషయంలో అతిస్పందన ఉన్నట్టు తల్లిదండ్రులు చెప్పారు. వాళ్లలో చాలామందికి ఆటిజం లేదు.

లోపల ఏం జరుగుతోంది?

చీకట్లో ఎవరో భుజం తడితే మొదట ఉలిక్కిపడతాం. రెండోసారి తక్కువ. అయిదోసారి పట్టించుకోం. దీన్ని అలవాటుపడటం అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలోని పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లలను, లేని పిల్లలను స్కానర్‌లో పడుకోబెట్టి చిరాకు తెప్పించే శబ్దం, గరుకు స్పర్శ పదేపదే ఇచ్చి చూశారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల్లో, అతిస్పందన ఎక్కువగా ఉన్న పిల్లల మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం మిగతావారిలో లాగా నెమ్మదించలేదు. అంటే 'రోజూ తీసుకెళ్తే అదే అలవాటవుతుంది' అన్న మన ఇంటి సూత్రం ఈ పిల్లల విషయంలో తిరగబడవచ్చు. పదోసారి కూడా అది మొదటిసారే.

కారణం మెదడులోనే ఉండాలని కూడా లేదు. హార్వర్డ్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. ఆటిజంతో సంబంధమున్న కొన్ని జన్యువులను చర్మం నుంచి స్పర్శను మోసుకెళ్లే నాడుల్లో మాత్రమే తీసేస్తే, ఆ ఎలుకలు స్పర్శకు బెదరడమే కాదు, తోటి ఎలుకలతో కలవడం కూడా తగ్గించాయి. ఎలుక మనిషి కాదు. అయినా లేబుల్ గుచ్చుకుంటోందని ఏడ్చే పిల్లవాడి మాటను కొట్టిపారేయకుండా వినడానికి ఇది ఒక కారణం.

గట్టిగా పట్టుకోవడం, బరువు కప్పడం

తేలికగా, అనుకోకుండా తగిలే స్పర్శ వేరు. గట్టిగా, నిలకడగా, ముందే తెలిసి అందే ఒత్తిడి వేరు. చీమ పాకితే చెయ్యి విదిలిస్తాం. అదే చేతిని ఎవరైనా గట్టిగా పట్టుకుంటే కుదుటపడతాం. ఊరట పద్ధతుల్లో చాలావాటికి ఈ తేడాయే పునాది.

దీన్ని లోకానికి చూపినవారిలో ముఖ్యురాలు టెంపుల్ గ్రాండిన్. ఆమెకు ఆటిజం ఉంది, పశుశాస్త్రంలో ఆచార్యురాలు. కౌమారంలో అరిజోనాలోని తన పిన్ని పశువుల క్షేత్రానికి వెళ్లినప్పుడు, టీకాలు వేసేముందు ఆవులను రెండు పక్కల నుంచి నొక్కి నిలబెట్టే చట్రాన్ని చూసింది. బెదిరిన ఆవులు కొన్ని అందులో నెమ్మదించడం గమనించి, తనకోసం అలాంటిదే చెక్కతో తయారు చేసుకుంది. ఎంత నొక్కాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే మీట ఆమె చేతిలోనే ఉండేది. ఈ చివరి సంగతి చిన్నది కాదు. 1992లో ఆమె రాసిన శాస్త్రీయ వ్యాసం తర్వాత లోతైన ఒత్తిడి మీద ఆసక్తి పెరిగింది. బరువు దుప్పట్లు, బిగుతు చొక్కాలు, బరువు కోట్లు బజారులోకి వచ్చాయి.

మరి అవి పనిచేస్తాయా? నిద్ర విషయంలో గట్టి పరీక్ష ఒకటి బ్రిటన్‌లో జరిగింది. 2014లో వెలువడిన ఆ పరిశోధనలో ఆటిజంతో పాటు నిద్ర ఇబ్బంది ఉన్న 67 మంది పిల్లలకు సుమారు రెండు వారాలు బరువు దుప్పటి, మరో రెండు వారాలు అలాగే కనిపించే మామూలు దుప్పటి ఇచ్చారు. నిద్ర గంటలు పెరగలేదు, త్వరగా నిద్ర పట్టనూ లేదు. తమాషా ఏమిటంటే, ఏది బాగుందని అడిగితే పిల్లలు, తల్లిదండ్రులు బరువు దుప్పటికే ఓటేశారు. ఈ రెండు ఫలితాలనూ కలిపే చదవాలి. కప్పుకుంటే హాయిగా ఉంటుంది, అది నిజం. అది నిద్ర సమస్యకు మందు కాదు, అదీ నిజం. అమ్మేవాళ్లు మొదటిది చూపించి రెండోదానికి డబ్బు తీసుకుంటారు.

జాగ్రత్త కూడా చెప్పాలి. 2008లో కెనడాలోని క్విబెక్‌లో ఒక బడిలో బరువు దుప్పటిలో చుట్టిన తొమ్మిదేళ్ల బాలుడు ప్రాణం కోల్పోయాడు. ముఖం మీద ఎప్పుడూ కప్పకూడదు, చాపలా చుట్టకూడదు, పిల్లవాడు తానే తీసేయగలిగేలా ఉండాలి. పసిపిల్లలకు అసలు వద్దు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు ఉంటే వైద్యుణ్ని అడగకుండా వాడవద్దు. ఒంటి బరువులో పదోవంతు అని చెప్పే లెక్క వాడుకలో వచ్చినదే, ప్రయోగాల్లో తేలిన కొలత కాదు.

ఇంట్లో ఇంతకన్నా తేలికైన దారులున్నాయి. మంచం మీద రెండు దిండ్ల మధ్య పిల్లవాణ్ని కూర్చోబెట్టి, తల, మెడ వదిలి, భుజాల నుంచి మోచేతుల దాకా అరచేత్తో నెమ్మదిగా నొక్కవచ్చు. 'ఇప్పుడు భుజం నొక్కుతాను' అని ముందే చెప్పి, 'చాలు' అనగానే ఆపాలి. మాట రాని పిల్లలైతే చెయ్యి నెట్టేయడమే 'చాలు'. మన నలుగు స్నానాలకు, నూనె మర్దనకు కూడా ఇందులో చోటుంది. చర్మంలో నెమ్మదైన, గోరువెచ్చని స్పర్శకు మాత్రమే బాగా స్పందించే ప్రత్యేక నాడీతంతువులున్నాయి. సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున సాగే చేతికి అవి అన్నిటికన్నా ఎక్కువగా స్పందిస్తాయి. అమ్మమ్మ చెయ్యి ఇంచుమించు అదే వేగంతో కదులుతుంది. కానీ నూనె జిడ్డునే భరించలేని పిల్లవాడికి బలవంతంగా రాస్తే ఊరట అటుంచి, స్నానమంటేనే భయం పట్టుకుంటుంది. వాడికి బట్ట మీద నుంచే నొక్కడం మేలు.

ఊగడం

లోపలి చెవిలోని సమతౌల్య అవయవం కదలిక తీరును బట్టి శరీరాన్ని మేల్కొలుపుతుంది, లేదా నిద్రపుచ్చుతుంది. గిర్రున తిప్పడం, ఉన్నట్టుండి ఆపడం ఉత్సాహాన్ని పెంచుతాయి. నెమ్మదిగా, ఒకే లయలో, ముందుకూ వెనక్కూ సాగే కదలిక శాంతపరుస్తుంది. చీర ఉయ్యాల కట్టిన మన తల్లులకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. 2011లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 12 మంది పెద్దవాళ్లను మధ్యాహ్నం 45 నిమిషాలు పడుకోబెట్టి, నాలుగు సెకన్లకోసారి ఊగే మంచం మీద, కదలని మంచం మీద పోల్చి చూశారు. ఊగే మంచం మీద త్వరగా నిద్ర పట్టింది, మెదడు తరంగాల్లో గాఢనిద్ర గుర్తులు పెరిగాయి. ఇది పెద్దల మీద చేసిన చిన్న ప్రయోగం. ఇంద్రియ ఇబ్బందులున్న పిల్లలకు నేరుగా వర్తింపజేయలేం. అయినా లయ గురించి ఒక సూచన దొరుకుతుంది. నాలుగు సెకన్లకు ఒక ఊపు, అంతే.

ఇందులోనూ ఒక హెచ్చరిక ఉంది. చీర ఉయ్యాల పసిబిడ్డకు కట్టేది. నాలుగైదేళ్లు దాటిన పిల్లలు అందులో గిర్రున తిరిగితే గుడ్డ మెలిపడి మెడకు బిగుసుకుంటుంది. మన దేశంలో ఇలాంటి ప్రమాదాల్లో పిల్లలు చనిపోతూనే ఉన్నారు. పెద్ద పిల్లలకు పీట బల్లతో వేసిన ఉయ్యాల, పడక కుర్చీ, లేదంటే తాత ఒళ్లో కూర్చుని ఊగడం చాలు. పక్కన పెద్దవాళ్లు తప్పకుండా ఉండాలి. ఊగుతున్నప్పుడు ముఖం పాలిపోయినా, చెమట పట్టినా, ఆవులింతలు వరసగా వచ్చినా వెంటనే ఆపాలి. అది హాయి కాదు, వికారం.

ఊపిరి, కండరాలు, నిమ్మకాయ

గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. అందుకే వదిలే ఊపిరిని సాగదీస్తే గుండె నెమ్మదిస్తుంది. ఆరేళ్లవాడికి 'దీర్ఘశ్వాస తీసుకో' అంటే భుజాలు ఎగరేసి ఇంకా ఎక్కువ పీలుస్తాడు. సబ్బు బుడగలు ఊదమంటే, కాగితపు గాలిమర తిప్పమంటే, వేడి పాలు చల్లార్చమంటే తెలియకుండానే ఊపిరి పొడుగ్గా వదులుతాడు.

కండరాలను బిగించి వదిలే పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో పుస్తకంగా వెలువరించాడు. పెద్దల కోసం రాసినదాన్ని తర్వాతివాళ్లు పిల్లల ఆటగా మార్చారు. అరచేతిలో నిమ్మకాయ ఉందనుకుని రసమంతా పిండు, ఇప్పుడు చెయ్యి వదిలెయ్. తాబేలులా తల భుజాల్లోకి లాక్కో, ఇప్పుడు బయటకు రా. ఇలాంటివి. మాట అర్థం చేసుకునే వయసు, కాస్త అనుకరించే నేర్పు ఉన్న పిల్లలకు ఇది తగినది. ఖరగ్‌పూర్ లాంటి చోట ఇంకో మాట కూడా చెప్పాలి. థెరపీ గదిలో బెంగాలీలోనో హిందీలోనో నేర్పినది పిల్లవాడు భయపడిన నిమిషంలో గుర్తుకు రాకపోవచ్చు. భయంలో మనిషికి ముందుగా అందేది ఇంటి భాష. కనుక 'నిమ్మకాయ పిండు' అన్న నాలుగు మాటలు తల్లి నోట తెలుగులో, రోజూ ఒకే తీరులో, పిల్లవాడు బాగున్నప్పుడే పలికించి అలవాటు చేయాలి. ఏడుపు మొదలయ్యాక కొత్త పాఠం ఏదీ ఎక్కదు.

ఇక రంగుల లైట్లు, బుడగల గొట్టాలు, మెత్తటి పరుపులతో ఉండే గదులు. ఈ పద్ధతి 1970లలో నెదర్లాండ్స్‌లో తీవ్ర మానసిక వైకల్యం ఉన్నవారి కోసం మొదలైంది. అక్కడి భాషలో వాసన చూడటం, కునుకు తీయడం అనే రెండు మాటలు కలిపి దానికి 'స్నూజెలెన్' అని పేరు పెట్టారు. ఆ గదిలో ఉన్నంతసేపు పిల్లలు నెమ్మదిగా ఉంటారని చెప్పే నివేదికలు ఉన్నాయి. బయటకు వచ్చాక ఆ ప్రభావం నిలుస్తుందని చెప్పే గట్టి ఆధారం లేదు. నా మట్టుకు, నెలనెలా వేలు పోసి అలాంటి గదికి తీసుకెళ్లేకన్నా ఇంట్లో మంచం పక్క మూలకు పాత చీర తెరగా కట్టి, ఒక పరుపు, ఒక దిండు వేసి, 'ఇది నీ చోటు, ఇక్కడ నిన్నెవరూ కదిలించరు' అని చెప్పడం మేలనిపిస్తుంది. రెండు గదుల రైల్వే క్వార్టరులో కూడా అంత జాగా దొరుకుతుంది. ఆ మూలను శిక్షగా కూర్చోబెట్టే చోటుగా మాత్రం వాడకూడదు.

చికిత్స మొత్తంగా ఏం సాధిస్తుంది?

పైవన్నీ ఆ పూటకు ఊరటనిచ్చేవి. ఏయర్స్ పేరుతో ఆక్యుపేషనల్ థెరపిస్టులు చేసే సెన్సరీ ఇంటిగ్రేషన్ చికిత్స అంతకన్నా పెద్ద లక్ష్యం పెట్టుకుంటుంది. ఆటలు, ఊయలలు, ఎక్కుడు దిగుడుల ద్వారా మెదడు సమాచారాన్ని సర్దుకునే తీరునే మెరుగుపరచాలన్నది ఆ లక్ష్యం. దీని మీద రెండు పరీక్షలు ఎదురెదురుగా కనిపిస్తాయి. 2014లో అమెరికాలో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసున్న, ఆటిజం ఉన్న 32 మంది పిల్లలతో పది వారాల పరీక్ష జరిగింది. వారానికి మూడుసార్లు చికిత్స పొందినవారు, తల్లిదండ్రులు ముందే రాసిపెట్టుకున్న లక్ష్యాల్లో మిగతావారికన్నా ముందున్నారు. తర్వాత బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో ఇంకా పెద్ద పరీక్ష చేశారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల్లో, ఆరు నెలల తర్వాత పిల్లల చిరాకు, ప్రవర్తన ఇబ్బందుల్లో మామూలు సేవలు పొందినవారికీ వీరికీ తేడా కనబడలేదు.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయా అంటే, పూర్తిగా కాదు. మొదటిది చిన్నది, లక్ష్యాలు ఒక్కో పిల్లవాడికి ప్రత్యేకం. పళ్లు తోమించుకోవడం, జుట్టు కత్తిరించుకోవడం లాంటివి. రెండోది పెద్దది, అందరినీ ఒకే కొలబద్దతో కొలిచింది. నేను తీసుకునే అర్థం ఇది. 'మీ వాడి ప్రవర్తనంతా మారిపోతుంది' అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 'మూడు నెలల్లో గోళ్లు తీయించుకోవడం నేర్పుతాం, నేర్వకపోతే పద్ధతి మారుస్తాం' అంటే వినదగిన మాట. ఒంటిని బ్రష్షుతో రుద్దే పద్ధతికీ, ప్రత్యేకంగా మార్చిన సంగీతం వినిపించి చెవిని 'సరిచేసే' పద్ధతికీ ఆధారం ఇంకా బలహీనం.

ముందు చెవి చూపించండి

చెవులు మూసుకునే ప్రతి పిల్లవాడిదీ ఇంద్రియ సమస్య కాదు. చెవిలో చీము, గట్టిపడిన గులిమి, మైగ్రేన్ కూడా అలా చేయిస్తాయి. పిలిస్తే పలకని పిల్లవాడికి వినికిడి పరీక్ష తప్పనిసరి. ఉన్నట్టుండి మొదలైన మార్పు అయితే వెంటనే శిశువైద్యుడికి చూపాలి. మాట ఆలస్యం, కళ్లలోకి చూడకపోవడం కూడా ఉంటే ఎదుగుదల పరీక్ష అవసరం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి. తదుపరి సేవలకు జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలను ఆ పథకం ఏర్పాటు చేసింది. ఖరగ్‌పూర్ వారికి జిల్లా కేంద్రం కంసావతి నది దాటితే ఉన్న మేదినీపూరే. కోల్‌కతా దాకా వంద కిలోమీటర్లకు పైగా వెళ్లేముందు అక్కడ అడగడం మంచిది. ఆటిజం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి కాబట్టి, నిర్ధారణ అయితే ధ్రువపత్రం కూడా తీసుకోవచ్చు. సొంత క్లినిక్కుకు వెళ్తే చికిత్స చేసేవారికి ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ ఉందా అని అడగండి. అడిగితే నొచ్చుకునేవారి దగ్గర పిల్లవాణ్ని వదలకండి.

మళ్లీ గోల్‌బజార్‌కు

పిల్లవాణ్ని మార్చడం ఒక్కటే దారి కాదు, చుట్టూ ఉన్నదాన్నీ కొంత మార్చవచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వాణిజ్య ప్రాంతాల్లో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్ మించకూడదు. నివాస ప్రాంతాల్లో 55, 45. పండగ రోజుల్లో ఈ అంకెలు కాగితం మీదే ఉంటాయని అందరికీ తెలుసు. పందిరి కమిటీలో మనవాళ్లూ ఉంటారు కనుక, రోజుకు ఒక గంట మైకు ఆపి, మెరిసే లైట్లు నిలిపి, ఇలాంటి పిల్లలు అమ్మవారిని చూసి వెళ్లేలా ఏర్పాటు చేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇంటివాళ్ల చేతిలో ఉన్నది వేళ. పూజ బట్టలు సాయంత్రం ఏడింటికి కాక, పొద్దున కొట్ల తలుపులు తీస్తుండగానే కొనవచ్చు. వెళ్లేముందు ఎక్కడికి, ఎంతసేపు, తర్వాత ఏమిటి అన్నవి మూడు బొమ్మలు గీసి చూపాలి. టోపీ, చెవులు మూసే హెడ్‌ఫోన్స్ సంచిలో ఉండాలి. రోజంతా పెట్టి ఉంచడానికి కాదు, అవసరమైనప్పుడు వాడే అడిగి తీసుకోవడానికి. మొదటిసారి ఒక్క కొట్టు, ఏడు నిమిషాలు. ఏడుపు రాకముందే, బాగున్నప్పుడే తిరిగి వచ్చేయాలి. లేబుల్ కత్తిరించి, చొక్కా ఒకసారి ఉతికాకే తొడగాలి.

అయినా మధ్యలో కూలబడితే మాటలు తగ్గించండి. 'ఏమైంది, ఎందుకేడుస్తున్నావ్' అన్న ప్రశ్నలు కూడా ఆ క్షణంలో చప్పుడే. ఎత్తుకుని పక్క సందులోకో మెట్ల కిందికో వెళ్లి, వాడు ఒప్పుకుంటే వీపు మీద చెయ్యి కదపకుండా ఉంచండి, ఒప్పుకోకపోతే పక్కన కూర్చోండి. పది నిమిషాలు పట్టవచ్చు, అరగంట పట్టవచ్చు.

ఇంటికి వచ్చాక నోటుపుస్తకంలో మూడు గీతల పట్టిక గీసి రాయండి. ఏం జరిగాక మొదలైంది, ఏం చేశాం, ఎంతసేపటికి తగ్గింది. ఒక పద్ధతిని నాలుగు వారాలు చేసి చూడండి, ఒకేసారి రెండు మొదలుపెట్టకండి. దిండ్ల మధ్య నొక్కిన రోజుల్లో సాయంత్రాలు నెమ్మదిగా గడిచాయా, నొక్కని రోజుల్లోనూ అంతేనా అన్నది ఆ గీతలే చెబుతాయి. తేడా లేకపోతే మానేయండి. ఆ పుస్తకాన్ని తెలుగులోనే రాయండి, వైద్యుడి దగ్గర చదివి హిందీలో చెప్పడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు.